వదులు

జగన్నాథపురం వంతెన దిగాక, ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో
రిగ్గుల మీద పాతబడిన డైవింగు సామాన్లు
తూకానికి కొని విడిగా అమ్ముతాడు రవూఫ్ భాయ్.
మేకులకి వేలాడుతున్నాయి గాలి జాకెట్లు,
చీల్చి ఎండేసిన పండుగొప్పల్లా.

"ఎవరికి?"
"మా అమ్మాయికి. లోవ. శ్రావణానికి పదకొండు నిండుతాయి."
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి దాన్ని ఎగాదిగా చూసి
"ఓ సైజు పెద్దదే తీస్కో, ఎదిగే పిల్ల" అన్నాడు.

ఎదిగే పిల్ల.
ఆ మాట తొడుక్కునే పెరిగాం మేమందరం.
మోకాళ్ళు దాటిన బడి లాగూ,
బూట్ల ముందు కుక్కిన గుడ్డపీలికలు.
దర్జీ టేపు తీయకముందే మా అమ్మ
"రెండంగుళాలు వదులు పెట్టు" అనేది.
మూడో ఏటికి గానీ ఏ చొక్కా నాది కాలేదు.
నాదయ్యేసరికి దానికి రంగు లేదు.

నీళ్ళలో ఆ లెక్క చెల్లదు భాయ్.
ఇరవై రెండేళ్ళు గౌతమి మొగలో మునిగిన ఒళ్ళు ఇది.
తెగిన లంగర్లు, బోటు ఫ్యాన్లు,
ఒక్కోసారి, అడక్కు, అంతకన్నా బరువైనవీ
బురదలో తడిమి పైకి తెచ్చాను.

వదులు జాకెట్టులో గాలి కొడితే
జాకెట్టు తేలుతుంది, పిల్ల తేలదు.
అది చెవుల దాకా ఎగబాకుతుంటే
ఇది చంకల్లోంచి కిందికి జారుతుంది.
సంచి మరీ పెద్దదైతే
ఒక్క నొక్కుకి బెండులా పైకి విసిరేస్తుంది,
లోపలి ఊపిరి దారి వెతుక్కునేలోపే.
చూశాను. ఒక్కసారి. పెద్దవాడే అతను.

మొదటి దానికి బకిల్ బిగించినా
నా రెండు చేతులూ దూరాయి.
రెండోది నడుముకి పట్టింది గానీ
వీపు పొడుగు, సిలిండరు తలకి కొడుతోంది.
మూడోది నీలం. భుజం దగ్గర ఎవరో విప్పి కుట్టారు.
"గాలి వదిలే తాడు, చూడకుండా పట్టుకో" అన్నాను.
కళ్ళు మూసుకుంది. మెడ మీద దోమని కొట్టినంత సులువుగా
పట్టుకుంది.
బొటనవేలికి మీట అందింది, కదల్లేదు. ఉప్పు పట్టింది.
"వేడినీళ్ళలో ఒక రాత్రి నానెయ్" అన్నాడు రవూఫ్.

నన్ను నీళ్ళలోకి దింపినవి రెండు ఎండు కొబ్బరికాయలు.
పీచుతాడుతో జంటగా కట్టి, నా నడుముకి ముడేసింది అమ్మ.
ఆ ముడి ఒరిసిన గీత పది రోజులు మండింది.
ఇన్నేళ్ళకి తట్టింది, కొట్టు మెట్లు దిగుతుంటే:
ఆ ఒక్కచోట అమ్మ వదులు పెట్టలేదు.

పెద్దవాళ్ళ బెల్టు సీసం దీనికి రాయి కట్టినట్టే.
నాన్న విసురువల అంచు విప్పాను.
చింతగింజంతేసి గుళ్ళు గుడ్డసంచిలో పోసి
కిరాణా కాటాలో తూయించాను.
పోటు మీద ఒక తూకం, ఆటు మీద ఒక తూకం.
ఉప్పునీళ్ళు మోస్తాయి, ఏటినీళ్ళు అంతగా మొయ్యవు.
గుప్పెడు వెయ్యాలి, గుప్పెడు తియ్యాలి,
వంటలో ఉప్పులా, చెయ్యి తిరగాలి.

ఆదివారం, ఉప్పాడ రోడ్డులో మా బావమరిది హేచరీ.
రొయ్యపిల్లల్ని లారీకెత్తేసిన ట్యాంకులో
వడకట్టిన సముద్రం, నిలువు లోతు.
దిగింది. మోకాళ్ళు నేలకి తగిలాయి.
మీట నొక్కితే జువ్వున పైకి, తాడు లాగితే దబ్బున కిందికి.
నాలుగుసార్లు. ఏడుసార్లు.
ఎనిమిదోసారి ఎటూ పోలేదు.
నేలకి జానెడు పైన ఆగింది.
ఊపిరి పీలిస్తే నాలుగు వేళ్ళు పైకి,
విడిస్తే నాలుగు వేళ్ళు కిందికి.
లారీ తప్పిపోయిన రొయ్యపిల్ల ఒకటి
దాని అద్దం ముందు అచ్చం అలాగే వేలాడుతోంది.

సిలిండరు మెడ మీద నా చెయ్యుందని
అది వెనక్కి తిరిగి చూపేదాకా నాకు తెలీదు.
పిడికిలి బిగించి, వేళ్ళు విప్పి సైగ చేసింది.
వదులు.
ఒక్కో వేలూ తీశాను. బొటనవేలు కాస్త ఆలస్యం చేసింది.

పైకొచ్చి, ముక్కు చీదుకుని అడిగింది:
"వచ్చే ఏటికి ఇది పట్టదు కదా నాన్నా?"
పట్టదు.
సగం ధరకి తిరిగి తీసుకుంటానన్నాడు రవూఫ్,
కుట్లు ఊడకపోతే.